మసక బిళ్ళ

మూడుసార్లు ప్రయత్నించినా ఎముక కణాలు సుగాత్రి చేసిన టైటానియం బిళ్ళలకు అతుక్కోలేదు. నాలుగోసారీ ఇంతే అయితే పరిశోధన అంశం మార్చుకోమని కమిటీ తేల్చి చెప్పేసింది. రెండేళ్ల కష్టం మట్టిపాలయ్యేలా ఉంది.

బిళ్ళలన్నీ పట్టుకుని గైడు మస్తాన్ సార్ దగ్గరికి వెళ్లింది. తుంటికీ మోకాలికీ వేసే లోహపు ముక్కల మీద ముప్పయ్యేళ్లుగా పనిచేస్తున్న మనిషి ఆయన. మాట్లాడేది తక్కువ, అదీ టీ తాగాకే.

సుగాత్రి వాళ్లది ఇత్తడి పని చేసే ఇల్లు. బిందె తళతళలాడకపోతే ఆ ఇంట్లో పని పూర్తయినట్టు కాదు. అందుకే ఫర్నేసులోంచి ఆక్సైడ్ పూతతో వచ్చిన ప్రతి బిళ్ళనూ, మసకగా మురికి పట్టిందని, సన్న గరుకు కాగితంతో తోమేసేది. ఆ సంగతి సార్‌కి గర్వంగానే చెప్పింది.

సార్ వాటిలో ఒకటి అందుకున్నారు. మెరిసే బిళ్ళ మీద ఒక నీటిచుక్క వేశారు. చుక్క ఉబ్బెత్తుగా నిలబడింది. బిళ్ళను నిలువుగా వంచగానే జారి బల్ల మీద పడింది.

"తోమనిది ఒక్కటీ లేదా?"

ఉంది. రంగు మరీ అసహ్యంగా వచ్చిందని సొరుగులో దాచేసిన బిళ్ళను సిగ్గుపడుతూ తీసిచ్చింది. దాని మీద చుక్క పడీ పడగానే పరుచుకుంది. సార్ బిళ్ళను నిలువుగా పట్టుకున్నారు. నీళ్లు దాన్ని వదల్లేదు.

సుగాత్రి ముఖం కందిపోయింది. ఇన్నాళ్లూ తను తోమిపారేసింది మురికి కాదు, నీటినీ కణాలనూ పట్టి ఉంచే పూతే. నాలుగు చివాట్లు పెట్టినా బాగుండేది అనుకుంది. సార్ టీకి వెళ్లిపోయారు.

కొత్త బిళ్ళలకు మళ్లీ పూత పెట్టింది. చేతులు ఊరుకుంటాయా, రెండుసార్లు గరుకు కాగితం దాకా వెళ్లొచ్చాయి. చివరికి ఆ చేతుల్ని ఒళ్లో పెట్టుకు కూర్చుంది.

బిళ్ళల మీద కణాలు వేసిన మూడో రోజు పొద్దున్నే మైక్రోస్కోపులో చూస్తే, కణాలు బిళ్ళ నిండా కాళ్లు బార్లా చాపుకుని తిష్ఠ వేసి ఉన్నాయి. సుగాత్రి ఆనందం పట్టలేక వరండాలో పరుగెత్తింది. ఎదురొచ్చిన వాళ్లందరికీ చెప్పింది. టీ గ్లాసుతో సహా సార్‌ని లాక్కొచ్చింది.

ఆయన చాలాసేపు చూశారు. మీసాల్లో నవ్వు దాగలేదు.

"అంత అందంగా చేసిపెడితే ఎందుకు ఉండలేదు సార్ ఇవి?" అంది ఆమె, నవ్వుతూనే కాస్త ఉక్రోషంగా.

"గచ్చు మెరిసిపోతోందని చుట్టాలు ఉండిపోరమ్మా," అన్నారు మస్తాన్ సార్. "కాలు నిలిస్తే ఉంటారు."