పోయి రానా అని అడిగిన మనిషి

ప్రశ్న వినగానే బదులు చెప్పే అలవాటు విరూపాక్షస్వామికి లేదు. అడిగినవాడికి ఏదో ఒక పని అప్పగించేవారు, లేకుంటే ఎక్కడికో వెంటబెట్టుకొని పోయేవారు. కొందరికి బదులు దొరికేది. కొందరు అడిగిన సంగతే మరిచిపోయేవారు.

సోమలింగం మఠానికి వచ్చి పద్దెనిమిది రోజులైంది. ఆదోనిలో బడిపంతులు. ముప్పై దాటిన వయసు, ఇంట్లో భార్య నీలవేణి, రెండేళ్ల కూతురు. వచ్చిననాటి నుంచీ సన్యాస దీక్ష ఇమ్మని అడుగుతూనే ఉన్నాడు. స్వామి కాదనలేదు, ఔననలేదు. ఆనాటి ఉదయం పూజ కాగానే అతడు మళ్లీ ఎదుట కూర్చున్నాడు.

"సంసారం చేసేవాడి భక్తి సగం భక్తే కదా స్వామీ? సగం ఇంటికి పోతుంది. మిగిలిన సగమే కదా దేవుడికి దక్కేది?"

స్వామి ఉత్తరీయం భుజాన వేసుకొని లేచారు. దర్జీ మద్దిలేటి పోయి పదకొండు రోజులైందనీ, ఆ వేళ దినమనీ, తోడు రమ్మనీ చెప్పారు.

మద్దిలేటి ఊరు నల్లమల అంచున ఉంది. ఉగాదికి ముందు కర్ణాటక నుంచి వేల మంది కాలినడకన శ్రీశైలం పోయేది ఆ దారినే. స్వామి, సోమలింగం చేరేసరికి ఇంటి ముందు పందిట్లో జనం నిండిపోయి ఉన్నారు. అందులో సగం మంది ఆ ఊరివాళ్లు కారు. రాయచూరు వైపు నుంచి వచ్చిన ఒక ముసలి రైతు కన్నడమూ తెలుగూ కలిపి మాట్లాడుతూ, తన కుడికాలు చాపి అందరికీ చూపిస్తున్నాడు. పన్నెండేళ్ల కిందట మడమలో ముల్లు విరిగి చీము పట్టిందట. మద్దిలేటి ఆ కాలు ఒళ్లో పెట్టుకొని ముల్లు తీసి, కట్టు కట్టి, రెండు రోజులు కదలనివ్వలేదట. ఈ కాలితోనే నా కొడుకుల పొలాలు దున్నినాను, ఈ కాలితోనే ఆయనకు దండం పెట్టుకుందామని వచ్చినాను అని అతడు చెబుతుంటే, విన్నవాళ్లు కళ్లు తుడుచుకుంటూనే నవ్వుకున్నారు. సోమలింగం అలాంటి చావింటిని అంతకు ముందు చూడలేదు.

భోజనాలయ్యాక మద్దిలేటి భార్య బసమ్మ వచ్చి స్వామికి దండం పెట్టి, గోడకు ఆనుకొని కూర్చుంది. ఆయన్ను గురించి ఏమైనా చెప్పమ్మా అన్నారు స్వామి. ఆమె తొందర లేకుండా చెప్పింది.

పెళ్లైన నాలుగో ఏడు మొదటి బిడ్డ పుట్టిందని మొక్కు తీర్చడానికి మద్దిలేటి శ్రీశైలం బయలుదేరాడు. అడవిలో నాగలూటి దగ్గర, అరికాళ్లు బొబ్బలెక్కి కూలబడిన ఆడవాళ్లు కనిపించారు. దర్జీ గనుక ఎప్పుడూ ఒక సూది అంగీ కాలరుకు గుచ్చి ఉండేది. ఒకామెకు ముల్లు తీద్దామని కూర్చున్నాడు. ఆమె వెనుక మరొకరు, వారి వెనుక ఇంకొకరు. పండుగ దాటిపోయింది. దర్శనం లేకుండానే ఇంటికి తిరిగొచ్చి, మరుసటి ఏడాది సూదులు, వేపనూనె, పాతగుడ్డలు సంచిలో వేసుకొని పోతానన్నాడు. ఉగాది అంటే దర్జీకి చేతినిండా పని ఉండే రోజులు. అయినా ముందు నెలంతా కూర్చొని ఊరి బట్టలన్నీ కుట్టి ఇచ్చాకే కదిలేవాడు. కదిలే ముందు గడపలో నిలబడి, "పోయి రానా?" అని పెళ్లాన్ని అడిగేవాడు. ఏ ఏడూ అడగకుండా పోలేదు.

ఒక ఏడు బిడ్డకు ఆటలమ్మ పోసింది. చంటివాడు చంకలో ఉన్నాడు. ఆ ఏడు బసమ్మ పోవద్దంది.

"సంచి తీసి చిలక్కొయ్యకు తగిలించినాడు స్వామీ. మొగం మాడుస్తాడేమో అని చూస్తాంటి. మాడ్చలే. వేపమండతో బిడ్డకు విసురుతా, గుడ్డపేలికలతో బొమ్మ కుట్టిచ్చి ఆడించినాడు. బాటన జనం కుంటుకుంటా పోతాంటే ఒకసారి చూసేటోడు, మళ్లా బిడ్డ దిక్కు తిరిగేటోడు. నాకే మనసు నిలవక, నీ పానమంతా అడివిలోనే ఉందిలే అని ఎత్తిపొడిస్తి."

ఆమె చిలక్కొయ్య వైపు చూసింది.

"దానికి ఆయన, 'అక్కడికి పిలిచినోడే ఇక్కడ ఉండమన్నాడు. నాకేమన్నా ఇద్దరు దేవుళ్లుండారా బసమ్మా?' అన్నాడు."

బిడ్డకు నీళ్లు పోసేసరికి పండుగకు ఇంకా నాలుగు రోజులుంది. బసమ్మ తానే సంచి అందుకొని, పిల్లలిద్దరినీ లేపి, అందరమూ పోదాం పదమంది. అప్పటి నుంచి ఇరవై ఒక్క ఏళ్లు ఇంటిల్లిపాదీ పోయారు. ఆమె నీళ్లు కాచేది, పిల్లలు గుడ్డలు చింపేవాళ్లు, ఆయన సూది పట్టేవాడు. జాతర సందడి తగ్గాక నలుగురూ బస్సెక్కి పోయి మల్లన్నను చూసి వచ్చేవాళ్లు. రెండేళ్లుగా ఆయన చెయ్యి వణుకుతుంటే కూతురు శంకరమ్మ సూది పట్టింది, ఆయన వచ్చినవాళ్ల పాదాలు కదలకుండా పట్టుకునేవాడు.

"ఏడుపు రావడంలే స్వామీ," అంది బసమ్మ. "తలుచుకుంటే కడుపు నిండినట్టుంది. ఇట్లాంటి మనిషితో ముప్పై ఏండ్లు అన్నం తింటి."

తర్వాత ఆమె సోమలింగం వైపు తిరిగి ఊరూ పేరూ అడిగింది, పిల్లలెందరని అడిగింది. మఠంలో ఉండడానికి వచ్చాడని తెలిసి, మామూలుగానే మరో మాట అడిగింది.

"ఇంట్లో చెప్పి వచ్చినావా నాయనా?"

కర్నూలులో పంతుళ్లకు శిక్షణ తరగతులు ఉన్నాయని, పది రోజుల్లో వస్తానని నీలవేణికి చెప్పి వచ్చాడు సోమలింగం. పది రోజులు దాటి ఎనిమిది రోజులైంది. ఈ పాటికి ఆమె ఎవరెవరిని అడిగి ఉంటుందో, బిడ్డను ఎత్తుకొని బస్టాండు వైపు ఎన్నిసార్లు చూసి ఉంటుందో అతడికి మొదటిసారి తట్టింది. చెప్పలేదమ్మా అన్నాడు. ఆమె తప్పు పట్టలేదు. బిడ్డ ఎంత ఉంటుందని చేత్తో కొలత చూపించి అడిగి, లోపలికి పోయి, మద్దిలేటి కుట్టి ఉంచిన గౌన్లలో సరిపోయేది ఒకటి తెచ్చి అతడి చేతిలో పెట్టింది.

తిరుగుదారిలో రోడ్డు రెండుగా చీలిన చోట సోమలింగం ఆగిపోయాడు. కుడివైపు బస్టాండు. ఆదోనికి పోయి వస్తానన్నాడు. ముందు తప్పు ఒప్పుకుంటానని, ఆ తర్వాత దీక్ష సంగతి నీలవేణిని అడుగుతానని చెప్పాడు. రెండడుగులు వేసి మళ్లీ వెనక్కి వచ్చాడు.

"ఆమె వద్దంటే ఏం చేయాలి స్వామీ? వద్దన్నాక మనసు చేదు కాకుండా ఉండడం ఎట్లా?"

విరూపాక్షస్వామి అతడి భుజం మీద చెయ్యి వేశారు.

"అది తెలిసినవాడి ఇంటికే కదా నిన్ను తీసుకుపోయినాను," అన్నారు. "నాకు తెలియదు నాయనా. నేను వచ్చేటప్పుడు మా ఇంట్లో ఎవరినీ అడగలేదు."