చిలకల బండ మీద గవరమ్మ చాటింపు

అనగనగా వెదురు పొదల అడవిలో ఒక చిలకల బండ. ఆ బండ ఎక్కి ఎవరు ఏం చెప్పినా చిలకలు అడవంతా తిరిగి వల్లిస్తాయి. నచ్చితే విన్నవాళ్లు ఈలలు వేస్తారు. ఎక్కువ ఈలలు పడ్డవాళ్లే ఆ పూటకి గొప్పవాళ్లు.

ఆ అడవిలో ముళ్లపంది గవరమ్మ ఇద్దరు పిల్లలతో ఉండేది. తన గోళ్లతో తనే తవ్వుకున్న బొరియ ఆమెది. మొగుడు ఒక్క గుప్పెడు మట్టి తీయలేదు. బొరియ పూర్తికాకముందే ఎటో పోయాడు. వానాకాలానికి అంతకంటే గట్టి ఇల్లు అడవిలో లేదు.

ఒకరోజు దుప్పి నాంచారి జలపాతం చూసి వచ్చింది. వచ్చాక బండ ఎక్కి, "నీటి తుంపరలో ఇంద్రధనుస్సు చూశాను" అంది. అడవి ఈలలతో మోగిపోయింది.

గవరమ్మ కడుపు మండింది. "సన్నటి కాళ్లు, ఒంటినిండా చుక్కలు! దానికి కాక నాకు పడతాయా ఈలలు?" అని ముళ్లు దులుపుకుంది. "నేనూ వెళ్తాను. వచ్చాక చెబితే ఏం లాభం? వెళ్లకముందే అందరూ కుళ్లుకోవాలి!"

వెంటనే బండ ఎక్కింది.

"మేమూ జలపాతానికి వెళ్తున్నాం!"

నాలుగు ఈలలు పడ్డాయి.

"రేపు పొద్దున్నే బయలుదేరి, పున్నమి దాకా అక్కడే!"

ఇంకొన్ని పడ్డాయి. గవరమ్మకి చాల్లేదు.

"పిల్లల్నీ తీసుకెళ్తున్నా. ఇంటికి కాపలా కూడా పెట్టట్లేదు. మాకేం భయం?"

"అబ్బో, ఏం ధీమా!" అంటూ ఈలలే ఈలలు.

నాంచారి దగ్గరికొచ్చి, "ఇల్లు ఖాళీ అని అడవంతటికీ ఎందుకు వదినా?" అంది మెల్లగా.

"నీకు కుళ్లు," అంది గవరమ్మ.

జలపాతం దగ్గర కూడా ఆమె నీళ్లు చూడలేదు. నాంచారి ఎంత ఏడుస్తోందో అన్నదే ధ్యాస.

తిరిగొచ్చేసరికి తొలి చినుకులు మొదలయ్యాయి. బొరియ గుమ్మంలో నక్క బుడ్డయ్య కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. వెనక అతని తమ్ముళ్లు పళ్లు చూపించారు.

"ఇది నా ఇల్లు!" అని అరిచింది గవరమ్మ.

"ఎప్పుడు వెళ్తావో, ఎప్పుడొస్తావో నువ్వే చెప్పావు. కాపలా లేదనీ చెప్పావు. అంత మర్యాదగా పిలిస్తే రాకుండా ఎలా ఉంటాం?"

గవరమ్మ ముళ్లు లేచాయి. కానీ పక్కన పిల్లలున్నారు. వాళ్ల ముళ్లు ఇంకా మెత్తనివి. వెనక్కి తగ్గింది.

అటుగా వచ్చిన ఎలుగుబంటి తాత తలాడించాడు. "ఆడదానికి నోరెక్కువైతే ఇంతే."

"ఇల్లు ఆక్రమించింది వాడు తాతా. ముందు వాణ్ని అడుగు. నా నోటిని తిట్టుకోవడం నాకు తెలుసు," అంది గవరమ్మ.

తాత నక్క పళ్ల వైపు చూశాడు. పని గుర్తొచ్చినట్టు వెళ్లిపోయాడు.

వాన పెద్దదైంది. పిల్లలు వణుకుతున్నారు. "వదినా, మా పొదలోకి రండి," అని పిలిచింది నాంచారి. ఎవరిని ఏడిపించాలనుకుందో ఆమె పంచనే చేరాలి. గవరమ్మ తల దించుకుని నడిచింది.

"మాకు చోటిచ్చావని బండ మీద చెప్పుకో. బోలెడు ఈలలు పడతాయి," అంది గవరమ్మ.

"మీరెక్కడున్నారో ఆ నక్కలకి తెలియాలా?" అంది నాంచారి. "నువ్వు కొత్త బొరియ తవ్వుకునేదాకా ఇది మన మధ్యే ఉంటుంది."

గవరమ్మ తడిసిన పిల్లల్ని ముందు లోపలికి పంపి, తర్వాత తను ఒదిగింది.

నీతి: ఇంట్లో ఎవరూ ఉండరని ముందే లోకానికి చాటితే, వినేది కుళ్లుకునేవాళ్లే కాదు, మన ఇంటి కోసం కాచుకున్నవాళ్లు కూడా. క్షేమంగా తిరిగొచ్చాక చెప్పుకున్నా సంతోషం తరిగిపోదు.