ఆవలి ఒడ్డు గుంజలు

ఒక పట్టణానికీ ఒక కోటకూ నడుమ సన్నని పాయ ఉండేది. దానిపై వంతెన లేదు. కోటలోని రాణికి కావలసినవన్నీ పడవలే మోసేవి. ఒక పడవ ఆకలిని తెచ్చేది, ఒకటి నిద్రను, మరొకటి నవ్వును.

ఆ పడవలకు పెద్ద ఒకడు. ముప్పై ఏళ్లుగా పడవలను కదిలించే రేవు నగారా అతని చేతిలోనే ఉంది. పడవవాళ్లకు తాతల నాటి కట్టుబాటు ఒకటి ఉండేది: కోట ఒడ్డున కాలు మోపరాదు, అక్కడ దిగని సరుకును వెనక్కి తెచ్చుకోవాలి. రేవు పెద్ద ఆ ఒడ్డున ఎన్నడూ కాలు మోపలేదు.

ఆ ఏడు రాణి మూగబోయింది. కిటికీలు మూయించింది. ఒక ఉదయం కోట నుంచి కబురు వచ్చింది: పొద్దు గుంకేసరికి బురుజు మీది దీపాన్ని ఆర్పివేయమని రాణి ఆజ్ఞ. ఆ దీపం ఒకసారి ఆరితే మళ్లీ వెలగదు.

"పడవలు చాలడం లేదు" అంటూ రేవు పెద్ద నగారా అందుకున్నాడు.

"వాయించకు తమ్ముడూ" అంది ఉప్పురాతి కట్టను కాచే అవ్వ. "నిరుడు ఏమైందో మరిచావా?"

అతడు మరవలేదు. నిరుడూ రాణి ఇలాగే మౌనం దాల్చింది. సరుకు వెనక్కి తేవద్దని చెప్పి, ఉన్న పడవలన్నిటినీ అతడు తోలించాడు. పాయలో పేరుకున్నదంతా ఒక్క పెట్టున కోట మీద పడింది. రాణి ఏడు రోజులు కన్ను మూయలేదు. తొమ్మిది మేడలకు పునాదులు తవ్వించింది. గాదెలు తెరిచి దారిన పోయేవారికి ధారపోసింది. అవ్వ ఉప్పురాళ్లు పేర్చి పాయకు కట్ట వేశాకే ఆ పొంగు అణిగింది. ఆ వెనుకనే ఈ మౌనం వచ్చింది.

"నీ కట్ట పొంగును ఆపింది. ఈ మౌనాన్ని ఆపలేదే" అన్నాడు రేవు పెద్ద.

"ఆపలేదు, ఒప్పుకుంటాను. నీవూ ఒకటి చెప్పు. ఆవలి రేవును ఎన్నడైనా చూశావా?"

పక్కనే బాడిసెకు పదును పెడుతున్న వడ్రంగి పిల్ల నవ్వింది. "ఆయనెందుకు చూస్తాడు అవ్వా? ఆ ఇంటికి తలుపుందో లేదో చూడకుండానే ముప్పై ఏళ్లుగా సారె పంపుతున్న పెద్దమనిషి!"

రేవు పెద్ద ముఖం కందిపోయింది. నగారాను పడవలో వేసి, వడ్రంగి పిల్లను ఎక్కమని సైగ చేశాడు. ఆమె తన పచ్చికొయ్యల మోపులను కూడా ఎక్కించింది.

ఆవలి ఒడ్డున అతని కాలు క్షణకాలం గాలిలోనే నిలిచింది. తరువాత నేలను తాకింది.

అక్కడ పడవలు కట్టే గుంజలు నలభై ఉండాలి. మూడే మిగిలాయి. తక్కినవి మొదలంటా కుళ్లి ఒరిగిపోయాయి. పడవలు రోజూ వస్తూనే ఉన్నాయి. కట్టుకునే చోటు లేక, నిండు బరువుతో మళ్లిపోతున్నాయి.

"ఇన్నేళ్లూ పడవలు తక్కువనే..." అతడు కుళ్లిన గుంజను తడిమాడు. "గుంజలు నిలవడానికి ఎన్నాళ్లు?"

"పాత పద్ధతిలో వారాలు" అంది వడ్రంగి పిల్ల. " ఈ పచ్చికొయ్య కొత్తది. నేల ఒప్పితే ఒక్క పూటలో వేరు తన్నుతుంది. అన్ని నేలలూ ఒప్పవు. ఒప్పినా అవ్వ కట్ట ఉండవలసిందే. మళ్లీ మళ్లీ చూసుకోవలసిందే."

"పాతు."

పొద్దు వాలింది. గుంజలు నిలిచాయి కాని, కట్టడానికి పలుపులు చాలలేదు. రేవు పెద్ద నగారాను ఒడిలో పెట్టుకుని, దాని తోలుపట్టీలను ఒక్కొక్కటిగా విప్పి ఇచ్చాడు. ఆకలిని తెచ్చే పడవ మొదట ఒడ్డును పట్టుకుంది. దానిలోని సరుకు బుట్ట కోటపైకి వెళ్లింది. అప్పటికే దీపం ఆర్పే సేవకుడు బురుజు చివరి మెట్టు మీద ఉన్నాడు.

కిటికీ ఒకటి జానెడు తెరుచుకుంది.

"కాస్త గంజి ఉందా?" అని రాణి గొంతు వినిపించింది. "ఉప్పు వేసి తెండి."

సేవకుడు ఎక్కిన మెట్లన్నీ దిగివచ్చాడు. దీపం వెలుగుతూనే ఉంది.

ఈవలి ఒడ్డున పట్టణమంతా కేకలు వేసింది. "నగారా! నగారా వాయించు పెద్దాయనా! పడవలన్నీ తోలు!"

రేవు పెద్ద తోలు ఊడిన నగారా గుల్లను తలపైకెత్తి చూపాడు. ముప్పై ఏళ్లలో అతడు నవ్వగా వారు చూడటం అదే మొదలు.

మర్నాడు రాణి తానే రేవుకు దిగివచ్చింది. కొత్త గుంజలన్నిటికీ చిగుళ్లు వచ్చాయి. వాటి నడుమ రేవు పెద్ద మోకాళ్ల మీద కూర్చుని, నగారా గుల్లలో మన్ను నింపి, వచ్చే ఏటి గుంజలకు కొమ్మలు నాటుతున్నాడు.

రాణి చెంబుతో నీళ్లు తెచ్చి పోసింది.