మిల్లు ఆగితే లేచే పైడయ్య

ఫ్యాను ఆగిపోయిందని లేచి కూర్చున్నావా బుజ్జీ? పడుకుని ఊఁ కొట్టు. కరెంటు వచ్చేలోగా చెప్పేస్తాను.

అనగనగా ఒక ఊళ్ళో ఒక ఆసుపత్రి. అందులో పొడుగాటి వార్డు. వార్డులో పన్నెండు మంచాలు, వాటి మీద పన్నెండు మంది. ఒక్కరికీ నిద్ర లేదు.

ఎలా పడుతుంది చెప్పు? తెల్లారేదాకా నెత్తిమీద ట్యూబులైట్లు. మందుల బండి చక్రం కీచుకీచుమంటూ తిరిగేది. ఒకరు దగ్గేవారు, ఆ దగ్గుకి ఇంకొకరు లేచి విసుక్కునేవారు.

ఏడో మంచం మీద పైడయ్య. ముప్పై ఏళ్ళు రైసుమిల్లులో మిషను నడిపిన మనిషి. ఆయనకి కడుపులో ఆపరేషను చెయ్యాలి. బీపీ దిగితేగాని చెయ్యనన్నారు డాక్టరుగారు. నిద్ర లేనిదే బీపీ దిగదు. అప్పటికే రెండుసార్లు వాయిదా పడింది. నొప్పి మాత్రం వాయిదా పడలేదు.

అప్పుడు పైడయ్య భార్య సూరమ్మ, "నిద్రమాత్ర ఒకటి వేసెయ్యండి బాబూ" అంది.

"ఆ మత్తులో లేచి పడ్డాడంటే తుంటి విరుగుతుందమ్మా. ముందు మాత్ర లేకుండా చూద్దాం" అన్నారాయన.

ఆ వార్డు నర్సు ఎస్తేరమ్మ ఆ మాట విని ఇంటికెళ్ళింది. పాత నల్ల లంగా కత్తిరించి పన్నెండు గంతలు కుట్టుకొచ్చింది.

"ఏటమ్మా, మమ్మల్ని గానుగెద్దులనుకున్నావేటి?" అన్నాడు పైడయ్య. అయినా కట్టించుకున్నాడు. ఆ రాత్రి ఎనిమిది మంది నిద్రపోయారు. పైడయ్య పోలేదు.

ఆ తర్వాత, రెండో రాత్రి, ఎస్తేరమ్మ బండి చక్రానికి నూనె వేసింది. అందరి చెవుల్లో దూది పెట్టింది. వార్డంతా సద్దుమణిగింది. పదకొండు మందీ పడుకున్నారు. పైడయ్యకీ కన్ను మూతపడింది. మూతపడిందో లేదో, గంత పీకేసి దిగ్గున లేచాడు.

"సూరీ! మిల్లాగిపోనాది! బెల్టు తెగిపోనాది సూడే!" అంటూ వరండాలోకి పరుగెత్తాడు.

తెల్లారి చూస్తే బీపీ ఇంకా ఎక్కింది. "రెండు రోజులు చూసి పట్నం పంపించేస్తాను" అన్నారు డాక్టరుగారు. పట్నం దారంతా గోతులు. ఆ కుదుపులకి మనిషి దక్కుతాడా అని సూరమ్మకి భయం పట్టుకుంది. సింహాద్రి అప్పన్నకి ముడుపు కట్టింది. ఎస్తేరమ్మ వాళ్ళ ప్రభువుకి చెప్పుకుంది. చెప్పుకుని, సూరమ్మ పక్కన వచ్చి కూర్చుంది.

"ఇంటి దగ్గర ఎలా పడుకుంటాడు పిన్నీ?"

"ఇంటికాడ ఎప్పుడు పడుకున్నాడమ్మా! మిషను పక్కనే, తవుడు బస్తాల మీద. అది తిరిగినంతసేపూ గుర్రు. ఆగిందంటే లేచి కూకుంటాడు."

అప్పుడు ఎస్తేరమ్మ గబగబా స్టోరురూముకి వెళ్ళింది. చప్పుడు ఎక్కువని అందరూ తిట్టి మూలన పడేసిన టేబులు ఫ్యాను ఒకటి ఉందక్కడ.

మూడో రాత్రి పైడయ్య చెవుల్లో దూది తీసేసి, ఆ ఫ్యాను పక్కన పెట్టింది. గరగర, గరగర. మిగతా వాళ్ళ చెవుల్లో దూది ఉండనే ఉంది, ఎవరూ కదల్లేదు. కాసేపటికి ఫ్యానుని మించి గుర్రు లేచింది.

"అమ్మయ్య, మిల్లు నడుస్తంది" అని సూరమ్మ కొంగు పరుచుకుని పక్కనే వాలిపోయింది.

పొద్దునకి బీపీ కాస్త దిగింది. మర్నాటికి ఇంకాస్త. బుధవారం ఆపరేషను అయింది. పది రోజులకి పైడయ్య తన కాళ్ళ మీద తను ఇంటికి నడిచొచ్చాడు.

ఆ పైడయ్య ఎవరనుకున్నావు? మా నాన్న. నీకు ముత్తాత. ఫ్యాను ఆగితే లేచి కూర్చోవడం నీకు ఆయన పోలికే మరి. కరెంటు రాకపోతే ఏం, నేను లేనూ? ఇలా పడుకో, నేనే మిల్లునవుతాను.

గరగర మిల్లు తిరిగింది,
గంతల తలే ఒరిగింది,
కథేమో కంచికి నడిచింది,
నిద్దర మనింటికి వచ్చింది.