జగ్గరాజుగారి ఇంగ్లీషు ముక్క

జమీందారు జగ్గరాజుకి ఎవరైనా ఎదురు చెబితే ఒళ్లు మండిపోయేది. ఆ పొద్దున, "పంకా తాడు బాగానే ఉంది, లాగరా" అని ఆయనంటే, "లేదు మారాజా, తెగేలా ఉంది" అన్నాడు పంకా లాగే పైడయ్య. ఆ ఒక్క మాటకి జగ్గరాజు వాడి వీపు చిట్లిపోయేలా కొరడాతో కొట్టాడు.

మధ్యాహ్నం విందుకి తెల్లదొర వచ్చాడు. పక్క తాలూకాలో తిరుగుబాటు చెలరేగింది, జమీందారు ఎటువైపో తేల్చుకోవాలని దొర ఆరాటం. 'మీ పక్షాన పోరాడతాను' అని చెప్పాలనుకున్నాడు జగ్గరాజు. తనకొచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలూ కూడగట్టుకుని, ఛాతీ విరుచుకుని, "ఐ విల్ ఫైట్ విత్ యూ!" అని గర్జించాడు.

దొర చెవికది 'నీతోనే తలపడతాను' అని వినిపించింది. చటుక్కున పిస్తోలు తీసి గురిపెట్టాడు.

దొరకి తెలుగు బాగానే వచ్చు. కానీ భయంతో జగ్గరాజుకే తెలుగు రాకుండా పోయింది. "నువ్వు చెప్పరా!" అని మూల నిలబడి పంకా లాగుతున్న పైడయ్యని మాత్రం బతిమాలాడు.

ఒకప్పుడు దొరల బంగళాల్లో పంకా లాగుతూ ఇంగ్లీషు వంటబట్టించుకున్న పైడయ్యకి సంగతి అర్థమైంది.

"మీ మాటకి ఎదురు చెప్పొచ్చా మారాజా?" అన్నాడు తాపీగా.

"చెప్పరా బాబూ, చెప్పు!"

పైడయ్య తాడు వదిలేసి, వాతలు తేలిన వీపు దొరకి చూపించాడు.

"ఈయన మీతో తలపడరు దొరా. ఈయన చెయ్యెత్తాలంటే అవతలివాడు చేతులు కట్టుకుని నిలబడాలి. మీ చేతిలో పిస్తోలుంది."

దొర జమీందారు వైపు తిరిగాడు. "నిజమేనా?"

"అక్షరాలా నిజం!" అన్నాడు జగ్గరాజు, చేతులు కట్టుకుని.