గాలివానలో ఏకాహం

"రేపేమవుతుందో తెలియని ఈ బతుకు ఎందుకు బతకాలండీ?"

అడిగినవాడు గవర్రాజు. కొండాలమెరకలో కొబ్బరి దింపు తీసే మనిషి. ఆషాఢంలో మూడు రోజుల జ్వరంతో భార్య సుబ్బులు పోయింది. భాద్రపదంలో వరద వచ్చి ఇల్లు పట్టుకుపోయింది. కార్తీకం వచ్చేసరికి చెట్టెక్కడం మానుకున్నాడు. ఎందుకురా అంటే, "ఎక్కాక దిగాలనిపించడం లేదండి" అన్నాడు.

ఆ మాట విన్నది భజన గురువు అచ్యుతదాసుగారు. ఆ ఊళ్ళో సగం మందికి తాళం పట్టడం నేర్పిన పెద్దమనిషి. గవర్రాజుకీ ఆయనే గురువు. వేదాంతం చెప్పలేదు, వీపు నిమరలేదు. "రేపు ఏకాహం. పొద్దున్నే వచ్చి మంచినీళ్ళ బిందె అందుకో," అన్నారు.

"పాడలేనండి. నోరు లేవట్లేదు."

"నిన్ను పాడమన్నానా? నీళ్ళు మొయ్యమన్నాను."

అయ్యలారా, అమ్మలారా, మీలో ఏకాహంలో కూర్చున్నవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. కూర్చోనివాళ్ళ కోసం ఒక్క మాట. సూర్యోదయం నుంచి మర్నాటి సూర్యోదయం దాకా రామనామం తెగకూడదు, పందిట్లో వెలిగించిన దీపం ఆరకూడదు. జట్లు మారతాయి, నామం మారదు. వచ్చే జట్టు నామం అందుకునేదాకా ఉన్న జట్టు తాళం దించకూడదు. చేతిలో తాళం లేని నామం లెక్కలోకి రాదు. గొంతెండినా, కాళ్ళు తిమ్మిరెక్కినా అంతే. మధ్యలో ఒక్క మామూలు మాట మాట్లాడినా నామం తెగినట్టే లెక్క.

ఆ రోజు మధ్యాహ్నం రెండు గంటలకి గాలి లేచింది. వాన ఏటవాలుగా కొట్టింది. పందిరి మీది తాటాకులు ఒక్కొక్కటే లేచిపోతుంటే, పాడుతున్నవాళ్ళూ ఒక్కొక్కరే లేచిపోయారు. వాళ్ళని తప్పు పట్టకండి. గొడ్లు కట్లమీద ఉన్నాయి, పిల్లలు ఇళ్ళలో ఉన్నారు. చివరికి మిగిలింది ముగ్గురు. తాళాలు పట్టుకుని నరసాయమ్మ. డెబ్భై ఏళ్ళ మనిషి, పైగా ఆయాసం. ఊగుతున్న పందిరి రాటని రెండు చేతులా కావలించుకుని దాసుగారు. బిందె పక్కన గవర్రాజు.

మూడు గంటలకి కాలవ అవతలి జట్టు రావాలి. జట్టు రాలేదు. చెరువు కాపలా ఏడుకొండలు తడిసి ముద్దై పరుగెత్తుకొచ్చాడు.

"కాలవ గట్టు తెగింది పిన్నీ. అవతలివాళ్ళు ఇంక రారు. ఆపేసి లేవండి. దేవుడేం తప్పు పట్టడులే."

నరసాయమ్మ అతనికేసి ఉరిమి చూసింది. మాట్లాడితే నామం తెగుతుంది కదా, అందుకని ఆ వరసలోనే అందుకుంది.

"ఆయన పట్టడు రామ రామ, నే పడతాను రామ రామ... ఊరికే నించోక రామ రామ, దీపానికడ్డం పట్టరా రామ రామ..."

ఏడుకొండలు నోరు మూసుకుని, తల మీది గొడుగు తీసి దీపానికి పట్టాడు.

నరసాయమ్మ ఇంకో పావుగంట లాగింది. ఆ తర్వాత ఆయాసం పొంగుకొచ్చింది. రెండు నామాలకొకసారి గొంతు మూసుకుపోతోంది. గవర్రాజు గురువుగారికేసి చూశాడు. ఆయన రాట వదిలితే పందిరి దీపం మీద పడుతుంది. ఆయన తల తిప్పనైనా లేదు. నరసాయమ్మ తాళాలు తెచ్చి గవర్రాజు చేతుల్లో కుక్కింది.

"విన్నాన్రా నీ సంగతి రామ రామ... పోయేది తర్వాత చూద్దాం రామ రామ... ముందీ తాళం పట్టరా రామ రామ..."

అక్కడికి ఆవిడ ఊపిరి అయిపోయింది. వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. ఒక్క రెప్పపాటు ఆలస్యమైతే నామం తెగుతుంది. తాళం మోగింది. దాని వెనక బొంగురుగా, గోడకి గీరినట్టు, ఒక గొంతు లేచింది.

మొదట వట్టి రామ రామ. తర్వాత ఏమైందో ఏమో, కళ్ళమ్మట నీళ్ళు కారుతుండగా వాడు తాళం బద్దలయ్యేలా కొట్టడం మొదలుపెట్టాడు. "నా సుబ్బులేదిరా రామ రామ... నా ఇల్లేదిరా రామ రామ... ఇంకేం పట్టుకుపోతావు రామ రామ... రా, చూసుకుందాం రామ రామ..."

దేవుణ్ణి అలా నిలదీయొచ్చా అని మీలో పెద్దలు నొచ్చుకోవచ్చు. నాకు శాస్త్రం అంతగా తెలియదు. నామం మాత్రం తెగలేదు. నరసాయమ్మ గుండె పట్టుకుని కూర్చునే, నేల మీద అరచేత్తో తాళం వేసింది. వినయంగా పాడేవాళ్ళు పొద్దుటినుంచీ చాలామంది వచ్చారు. ఆ గాలికి ఎదురు నిలబడింది మాత్రం ఈ కోపమే.

నాలుగు దాటింది, అయిదూ దాటింది. వాడికి తిట్లు అయిపోయి మళ్ళీ వట్టి రామ రామ మిగిలింది. గొంతులో నెత్తురు రుచి తగులుతోంది. ఎవరి కోసం పాడుతున్నాడో, ఎంతసేపు పాడాలో తెలియదు. అయినా పాడుతూనే ఉన్నాడు.

అప్పుడు నీళ్ళ మీదుగా వినబడింది. ఇదే నామం, ఇదే వరస. అవతలి జట్టు అరటి బొందల తెప్ప కట్టుకుని, మద్దెల నెత్తిన పెట్టుకుని, పాడుకుంటూనే వస్తోంది. మనుషులు కనబడకముందే గొంతులు చేరాయి. ఆ జట్టు నాయకుడు పందిట్లోకి అడుగు పెడుతూనే గవర్రాజు చేతిలోంచి తాళాలు అందుకున్నాడు. నామం ఒక నోటినుంచి ఇంకో నోటికి అతుకు తెలియకుండా మారింది.

ఇద్దరు కుర్రాళ్ళు రాట అందుకున్నాక దాసుగారు చేతులు వదిలారు. మోచేతుల దాకా చర్మం లేచిపోయింది. గవర్రాజు ఆయన దగ్గరకొచ్చి, ఉన్న కాస్త గొంతుతో అడిగాడు.

"వీళ్ళొస్తారని మీకు ముందే తెలుసాండి?"

"నాకెలా తెలుస్తుందయ్యా?" అన్నారు దాసుగారు, తడి కండువా పిండుకుంటూ. "వెళ్ళి ఆ గొంతులో కాస్త మిరియాల కషాయం పోసుకో. తెల్లవారుజాము వంతుకి మనిషి లేడు."