దొరసాని చేసినట్టే చేశాం

నక్కలమెరకలో బుర్రా వారి ఇల్లెక్కడని అడిగితే ఎవరైనా చూపిస్తారు, చూపించి నవ్వుతారు కూడా. ఆ నవ్వు తమ తెలివిని మెచ్చుకోవడమేనని బుర్రా వారి నమ్మకం. "ఇంటిపేరులోనే బుర్ర పెట్టుకున్నవాళ్ళం, ఇంక నెత్తిలో ఎంతుండాలి!" అని పెద్దవాడు కోటిలింగం అరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళతో అంటుండేవాడు. నడిపివాడు గవర్రాజు వానొస్తే గొడుగు తడిసిపోతుందని చొక్కాలో దాచుకుని, తను తడుస్తూ ఇంటికొచ్చే రకం. కోటిలింగం భార్య అచ్చియ్యమ్మని అత్తగారు ఒకసారి పాలు చూస్తూ ఉండమంది. పాలు పొంగి, పొయ్యి ఆరి, నేలంతా పారేదాకా ఆవిడ కన్నార్పకుండా చూసింది. చిన్నవాడు తాతబ్బాయి మిగతావాళ్ళు ఏం చేస్తే అదే చేసేవాడు, కాకపోతే కాస్త సిగ్గుపడుతూ చేసేవాడు.

ఆ తాతబ్బాయికి సంబంధం వచ్చింది. పిల్ల తాడిమళ్ళపాడు భ్రమరాంబ. పెళ్ళిచూపుల్లో ఆ పిల్ల "మీరేమైనా అడగాలనుకుంటున్నారా?" అంటే, వీడు చాలాసేపు ఆలోచించి "మంచినీళ్ళు" అన్నాడు. ఆ పిల్ల పకపకా నవ్వింది. అంతే, ఆ నవ్వు విన్న దగ్గర్నుంచీ వీడికి అన్నం సయించడం లేదు. చేసుకుంటే ఆ పిల్లనే చేసుకోవాలి.

చిక్కల్లా ఆ పిల్ల తండ్రి పుల్లంరాజుతోనే. ఆయన ఒకప్పుడు ఎస్టేటులో రాజావారి డ్రైవరు. ఎస్టేటు పోయాక రాజావారు తన జర్మనీ కారుని ఆయన చేతిలో పెట్టి కన్నుమూశారు. నల్లగా నిగనిగలాడే బండి. తలుపేస్తే నగలపెట్టె మూత పడినట్టు చప్పుడు. ఆ కంపెనీ పేరు చెబితే మీకూ తెలుసు గానీ, ఆయన పేరు పెట్టి అనేవాడు కాదు, 'మా కంపెనీ' అనేవాడు. బండి ఎప్పుడైనా ఆగితే చెడిపోయిందని ఒప్పుకునేవాడు కాదు. "ఆలోచిస్తోంది" అనేవాడు.

పిల్లనివ్వడానికి ఆయన ఒక పద్ధతి పెట్టుకున్నాడు. తాంబూలాల ముందురోజు కారు తెచ్చి మగపెళ్ళివారికి అప్పగిస్తాడు. మర్నాడు మధ్యాహ్నం లోపల వాళ్ళు పెళ్ళికొడుకుని అందులో ఎక్కించుకుని, బండికి ఏమీ కాకుండా ఆయన గుమ్మానికి చేర్చాలి. "దీన్ని చూసుకోలేనోడు నా కూతుర్నేం చూసుకుంటాడు?" అనేవాడు. ముందొచ్చిన సంబంధంవాళ్ళు దిష్టి తగలకుండా ముందువైపు మేకు కొట్టి నిమ్మకాయ వేలాడదీశారు. అంతే, ఆ సంబంధం పోయింది.

బుర్రా వారి ఇంటిముందు కారు ఆపి, అరుగు మీద కూర్చుని, పుల్లంరాజు ఎక్కడికెళ్ళినా చెప్పే కథే చెప్పాడు.

"మా కంపెనీ అంటే ఏంటనుకున్నారు? నూరేళ్ళు దాటిన మాట. జర్మనీలో ఒకాయన గుర్రాల్లేని బండి కట్టాడు. ఎవడూ నమ్మలేదు. ఆయనకి బెంగ పట్టుకుంది. అప్పుడాయన భార్య, ఆ దొరసాని ఏం చేసిందో తెలుసా? మొగుడు నిద్రపోతుంటే ఆయనకి చెప్పకుండా, కొడుకులిద్దర్నీ ఎక్కించుకుని, తనే బండి నడుపుకుంటూ పుట్టింటికి బయల్దేరింది! దారిలో నూనె అయిపోతే మందుల షాపులో కొని పోయించింది. మిట్ట వస్తే కొడుకులు తోశారు. బ్రేకు అరిగిపోతే చెప్పులు కుట్టేవాడిచేత తోలు కొట్టించింది. గొట్టం పూడుకుపోతే టోపీ పిన్ను తీసి పొడిచింది. పుట్టింటికి చేరి మొగుడికి టెలిగ్రాం కొట్టింది. ఆ ఒక్క ప్రయాణంతో లోకం నోరు మూతపడింది. మా కంపెనీకి ఆ పేరు ఊరికే రాలేదమ్మా! ఆ తల్లి నడిపినట్టు నడపండి, ఈ బండి మిమ్మల్ని నడిరోడ్డున వదలదు."

"ఆయ్, అలాగేనండి" అన్నారు నలుగురూ.

చిత్రమేమిటంటే, దొరసాని అంటే అంత గౌరవమున్న ఈ పెద్దమనిషి సొంత కూతుర్ని మాత్రం కారు దగ్గరికి రానిచ్చేవాడు కాదు. "అవతలికెళ్ళమ్మా, గాజులు తగిలి గీత పడుద్ది" అనేవాడు. పాపం, భ్రమరాంబ చిన్నప్పట్నుంచీ కిటికీలోంచి చూడటమే.

ఆయన బస్సెక్కి వెళ్ళిపోయాడు. తెల్లారింది. కోటిలింగం ఇస్త్రీ చొక్కా వేసుకుని డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. ఇంట్లో కారు నడపడం వచ్చినవాడు వాడొక్కడే.

"దిగు దిగు!" అని అచ్చియ్యమ్మ కేకేసింది. "నువ్వు నిద్రపోవాలి. దొరసాని నడిపినట్టు నడపమన్నారుగా బాబాయిగారు? ఆవిడ మొగుడు నిద్రపోలేదూ?"

"అవునే, మర్చేపోయాను!" అని కోటిలింగం నాలిక్కరుచుకుని వెళ్ళి మంచమెక్కాడు. ఇంకేముంది, అప్పుడే లేచినవాడికి నిద్రెక్కడిది? గవర్రాజు విసనకర్ర విసిరాడు. తాతబ్బాయి జోలపాట పాడాడు. కాసేపటికి కోటిలింగం కళ్ళు మూసుకునే అడిగాడు.

"ఒరేయ్, నేను నిద్రపోయానా?"

"పోయావన్నయ్యా."

"అయితే మీరు వెళ్ళే సంగతి నాకు తెలీదన్నమాట. వెళ్ళిరండి."

అచ్చియ్యమ్మకు ట్రాక్టరు నడపడం వచ్చు, పొలం దున్నేంత వరకూ వచ్చు. మరుదులిద్దరూ కొడుకుల లెక్కన వెనక కూర్చున్నారు. "బ్రేకేదిరా?" అని ఆవిడ అడిగితే, "మధ్యది! నేను నిద్దట్లో చెబుతున్నాను!" అని లోపల్నుంచి కోటిలింగం అరిచాడు. బండి దున్నుతున్నట్టే కదిలింది.

సెంటర్లో మందుల షాపు కనబడగానే ఆపారు.

"వదినా, నూనె నిండా ఉంది కదా?" అన్నాడు తాతబ్బాయి.

"ఉంటే? అది బంకుది. దొరసాని బంకులో పోయించుకుందా?"

అంతే, గవర్రాజు రబ్బరు గొట్టం పెట్టి, నోటితో లాగి, ఉన్న పెట్రోలంతా బకెట్లోకి దించాడు. తర్వాత షాపువాడి దగ్గరికెళ్ళి "మందు కావాలండి" అన్నాడు.

"ఎవరికి?"

"మా తమ్ముడి మావగారి ప్రాణం అండి అది. బయటుంది."

"ఏంటి బాధ?"

"ఖుర్రుఖుర్రుమంటాదండి. పొగ కూడా వదుల్తాదండి."

"ముందు ఆ చుట్టలు మాన్పించండి" అని షాపువాడు దగ్గుమందు సీసా తీసి, పూటకి రెండు మూతలు పట్టమన్నాడు.

"ఆ ఒంటికి రెండు మూతలేం సరిపోతాయండీ! ఉన్న సీసాలన్నీ ఇచ్చెయ్యండి. ఈ బకెట్టు మాకొద్దు, మీ దగ్గరే ఉంచండి" అన్నాడు గవర్రాజు. షాపువాడు బకెట్టు వాసన చూసి, దణ్ణం పెట్టి, తీసుకెళ్ళి దూరంగా పెట్టుకున్నాడు.

బండికి దగ్గుమందు పట్టించారు. అది కాస్త దూరం వెళ్ళి, గుటకేసినట్టు చప్పుడు చేసి, కాలువ వంతెన మొదట్లో ఆగిపోయింది. అచ్చియ్యమ్మ చప్పట్లు కొట్టింది. "మిట్ట కూడా వచ్చిందర్రా! కథ ఎంత బాగా నడుస్తోందో చూశారా? తొయ్యండి!"

అన్నదమ్ములిద్దరూ చెమటలు కక్కుతూ వంతెన మీదికి తోశారు. అవతలి దిగుడులో బండి తనంతట తనే జారింది. అచ్చియ్యమ్మ బ్రేకు తొక్కితే బుద్ధిగా నిలబడింది. అక్కడే చెప్పులు కుట్టే అతను కూర్చునున్నాడు.

"బ్రేకుకి తోలు కొట్టాలి బాబూ."

"అరిగిందామ్మా?"

"అరగలేదు, బాగా పట్టింది."

"మరెందుకమ్మా?"

"కొట్టించాలి కాబట్టి" అంది అచ్చియ్యమ్మ. అతను ఒక పాత చెప్పు తీసి బ్రేకు తొక్కే చోట తోలుతాడుతో బిగించి కట్టాడు.

ఇంక మిగిలింది గొట్టం. అందరూ బండి చుట్టూ తిరిగారు. చక్రానికి బుల్లి గొట్టమొకటి గవర్రాజు కంటబడింది. అచ్చియ్యమ్మ తల్లోంచి పిన్ను తీసి పొడిచింది. బుస్సుమంది.

"చూశారా, ఎంత పూడుకుపోయిందో! లోపలిదంతా బయటికొచ్చేస్తోంది."

బండి ఒక పక్కకి ఒరిగింది. ఒంకరగా ఉంటే పుల్లంరాజుగారు ఏమనుకుంటారు? సమానంగా ఉండాలని మిగతా చక్రాలకీ పొడిచారు. ఇప్పుడు బండి చక్కగా, సమానంగా, నేలకి కరుచుకుని కూర్చుంది.

గవర్రాజు అన్నకి ఫోను చేశాడు. "అన్నయ్యా, ఇది టెలిగ్రాం అనుకో."

"నేను నిద్రపోతున్నాను. లేచాక బస్సులో వస్తాలే" అని కోటిలింగం పెట్టేశాడు.

అప్పుడొచ్చింది అసలు గొడవ. వంతెన దిగాక దారి రెండుగా చీలుతుంది. కుడివైపు తాడిమళ్ళపాడు. ఎడమవైపు అచ్చియ్యమ్మ పుట్టిల్లు.

"ఎడమకి తొయ్యండి" అంది అచ్చియ్యమ్మ.

"వదినా, పెళ్ళివారు కుడివైపు కదా!"

"దొరసాని పుట్టింటికెళ్ళిందా, పెళ్ళివారింటికెళ్ళిందా? కథ తప్పితే బండి నడిరోడ్డున వదిలేస్తుంది నాయనా" అంది ఆవిడ, నడిరోడ్డున నిలబడి.

తాతబ్బాయి పుట్టిన తర్వాత మొదటిసారి ఎదురు చెప్పాడు. "నువ్వటెళితే నాకు పెళ్ళవదు వదినా! నాకా పిల్లే కావాలి" అని దుమ్ములో చతికిలబడి బావురుమన్నాడు. వాడి ఏడుపు చూసి అచ్చియ్యమ్మ కొంగుతో వాడి కళ్ళు తుడిచింది. కానీ కథ కథే కదా, ఏం చేస్తుంది?

గవర్రాజు చాలాసేపు నెత్తి గోక్కున్నాడు. "ఆగండాగండి. తాడిమళ్ళపాడు ఎవరికో ఒకరికి పుట్టిల్లు అయ్యుండాలి కదా?"

"భ్రమరాంబకి!" అన్నాడు తాతబ్బాయి.

"అయితే ఆ పిల్లొచ్చి నడపాలి."

ఇంకేముంది, తాతబ్బాయి పరుగందుకున్నాడు. పుల్లంరాజు ఇంటి పెరటి గుమ్మం దగ్గర పట్టుచీరలో నిలబడి దారి చూస్తున్న భ్రమరాంబ ముందు రొప్పుతూ ఆగాడు.

"మీరు అర్జెంటుగా మీ పుట్టింటికి రావాలండి."

"నేను పుట్టింట్లోనే ఉన్నానుగా?"

"అందుకేనండి. ముందు అవతలికొస్తే, తర్వాత ఇవతలికి రావచ్చు."

ఆ పిల్ల వాడి మొహం చూసింది. ఏదో ముంచుకొచ్చిందని అర్థమైపోయింది. తండ్రి స్పానర్ల సంచీ, గాలి పంపూ తీసుకుని సైకిలెక్కింది.

బండిని చూసి ముందు నవ్వింది, నవ్వి నవ్వి చివరికి ఏడ్చింది. అది నాన్న ప్రాణమని ఆ పిల్లకు తెలుసు. మధ్యాహ్నం లోపల ఇది గుమ్మం ముందుండకపోతే ఈ మంచినీళ్ళబ్బాయిని ఇంక చూడనని కూడా తెలుసు. కొంగు దోపుకుంది. దగ్గుమందు కక్కించింది, షాపువాడి దగ్గర్నుంచి బకెట్టు తెప్పించింది, కిటికీలోంచి చూసి నేర్చుకున్నదంతా వరసగా చేసుకుంటూ పోయింది. అన్నదమ్ములిద్దరూ గాలి కొట్టారు. చెప్పు మాత్రం, కాలు జారకుండా బాగుందని ఉంచేసింది. ఆ పిల్ల తాళం తిప్పింది. బండి ఒక్క తిప్పుకే పలికింది.

తమ వీధి మలుపులో భ్రమరాంబ దిగి, డ్రైవరు సీట్లో అచ్చియ్యమ్మని కూర్చోబెట్టి, "అక్కా, మా నాన్న ముందు ఎవరూ నోరు విప్పకండి" అని చెప్పి పెరటి దారిన పరిగెత్తింది.

పుల్లంరాజు బండి చుట్టూ తిరిగాడు. ఒక్క గీత లేదు. ఆయన మొహం వెలిగిపోయింది.

"ప్రయాణం బాగా జరిగిందామ్మా?"

ఎవరూ నోరు విప్పలేదు. లడ్డూలు పెడితే చేత్తో పట్టుకుని చూస్తూ కూర్చున్నారు. కాఫీ చల్లారిపోయింది.

"అబ్బాయీ, మా అమ్మాయి నీకిష్టమేనా?"

తాతబ్బాయి పెదాలు బిగబట్టాడు. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి గానీ నోరు మాత్రం విప్పడు.

"ఏంటయ్యా ఇది? నా గుమ్మంలో కూర్చుని నన్నే అవమానిస్తారా? లేవండి!" అని పుల్లంరాజు గుడ్లురిమాడు.

భ్రమరాంబ తలుపు చాటునుంచి బయటికొచ్చింది. "ఇంక విప్పండి!"

అంతే, ముగ్గురూ నోళ్ళు బార్లా తెరిచారు. తాతబ్బాయి నోట్లోంచి మొత్తం కథ ఒక్కసారిగా బయటపడింది. దగ్గుమందు, చెప్పు, పిన్ను, అన్నీ. "ఇష్టమేనండి, చాలా ఇష్టమండి! మీరు చెప్పినట్టు దొరసాని చేసినట్టే చేశామండి. ఏదీ కుదర్లేదండి. చివరికి మీ అమ్మాయిగారే బాగుచేసి, నడుపుకుంటూ తెచ్చారండి."

పుల్లంరాజు కూతురి చేతుల వంక చూశాడు. గోళ్ళనిండా నల్లటి గ్రీజు. మెల్లగా ఆ చేతులు పట్టుకున్నాడు.

"ఈ కథ ఎంతమందికో చెప్పానమ్మా" అన్నాడు. "అందరూ తలూపారు. నిజంగా విన్నది ఈ పిచ్చిమాలోకాలే. నా ఇంట్లోనే ఒక దొరసాని ఉంటే, గీత పడుద్దని నేను అవతలికి పొమ్మన్నాను. తప్పు నాది తల్లీ." ఆయన తాళాలు కూతురి చేతిలో పెట్టి కళ్ళు తుడుచుకున్నాడు. భ్రమరాంబ కూడా ఏడ్చేసింది.

తాంబూలాలు మార్చుకున్నారు. బస్సు దిగి "ఇప్పుడే లేచాను" అంటూ కోటిలింగం వచ్చాడు. పుల్లంరాజు సంతోషం పట్టలేక అందరికీ చేతులు జోడించాడు. "ఇంక మొహమాటపడకండి. ఈ ఇల్లు మీదే అనుకోండి!"

"ఆయ్, అలాగేనండి" అన్నారు నలుగురూ.

అలాగే అనుకున్నారు. భోజనాలయ్యాక గవర్రాజు చొక్కా విప్పి మేకుకి తగిలించాడు. కోటిలింగం పడక్కుర్చీలో కాళ్ళు చాపుకుని "భోజనం బాగుందాండి? మళ్ళీ ఎప్పుడొస్తారు?" అని పుల్లంరాజుని మర్యాదగా అడిగాడు. అచ్చియ్యమ్మ పళ్ళెంలో పంచెలచాపు పెట్టి తెచ్చింది. "మొదటిసారి మన గడప తొక్కారు, ఉత్తచేతుల్తో పంపిస్తామా? ఎండ తగ్గింది, ఇంక బయల్దేరండి బాబాయిగారూ. అమ్మాయ్, నువ్వూ మీ నాన్నతో వెళ్ళు, పెళ్ళికాకుండా అత్తారింట్లో ఉండకూడదు."

వాళ్ళు హాస్యమాడుతున్నారనుకుని తండ్రీకూతుళ్ళు నవ్వుతూనే ఉన్నారు. నవ్వుతుండగానే వాళ్ళని కార్లో కూర్చోబెట్టి తలుపేశారు. "బండి మీరే తీసుకెళ్ళండి. ఇల్లు అనుకోమన్నారు గానీ, బండి అనుకోమన్లేదు. పరాయి సొత్తు మాకెందుకండీ!" అని చెప్పి, లోపలికెళ్ళి గడియ వేసుకున్నారు.

పుల్లంరాజు దిగి దబదబా తలుపు బాదాడు. అచ్చియ్యమ్మ లోపల్నుంచే పలికింది.

"ఏమైనా మర్చిపోయారా బాబాయిగారూ?"

"ఇల్లమ్మా! నా ఇల్లు!"

"అయ్యయ్యో, ఆయన ఇల్లు మర్చిపోయారటర్రా! వెతకండి!"

అంతే, ఇంకేముంది. లోపల మంచాలు జరిపారు, బీరువాలు తీశారు, బియ్యం డబ్బాలో చెయ్యిపెట్టి కలియదిప్పారు. కాసేపటికి తాతబ్బాయి కిటికీలోంచి తల బయటపెట్టి, కాబోయే మావగారి కష్టానికి నిజంగా బాధపడుతూ చెప్పాడు.

"ఇల్లంతా వెతికామండి, ఎక్కడా లేదండి. వచ్చేటప్పుడు కార్లో పెట్టుకున్నారేమో, ఒకసారి డిక్కీలో చూసుకోండి!"